మోనితను తిట్టినంత తేలిక కాదు

"ఏముందమ్మా ఆ ఏడుపుగొట్టు సీరియల్స్‌లో? అంతా అబద్ధం. ఇదైతే నిజం. ఎవరూ డైలాగులు రాసివ్వరు, ఎవరూ నటించరు." రాత్రి తొమ్మిదిన్నర అయ్యేసరికి నా చేతిలోంచి రిమోట్ లాక్కుంటూ మా అబ్బాయి అనే మాట ఇది. మా వారు పక్కనుంచి వాడికి వంత పాడేవారు. మీ ఇళ్ళలోనూ ఈ భాగోతం జరిగే ఉంటుంది. సీరియల్ చూసే ఆడవాళ్ళు ఉత్త అమాయకులూ, బిగ్ బాస్ చూసే మగవాళ్ళు లోకం తెలిసినవాళ్ళూనట!

నేను రెండూ చూశాను. పోపు మాడ్చుకుని మరీ చూశాను. ఇన్నేళ్ళు చూశాక నాకు అనిపించేది వాళ్ళు చెప్పేదానికి సరిగ్గా తల్లకిందులు. సీరియల్ తనది అబద్ధమని ముందే ఒప్పుకుంటుంది. నిజం నిజం అని చెప్పుకునే ప్రోగ్రామ్‌ల దగ్గరే మనం కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చోవాలి. ఎందుకంటారా? ఓపిక పట్టండి, చెబుతాను.

నా చిన్నప్పుడు మా ఆకివీడులో వీధికొక టీవీ కూడా ఉండేది కాదు. 1987 జనవరిలో రామానంద్ సాగర్ రామాయణం మొదలయ్యాక, ఆదివారం పొద్దున్నే తలంటు పోసుకుని టీవీ ఉన్నవాళ్ళింటికి పరుగెత్తి, హాల్లో చాపల మీద కూర్చునేవాళ్ళం. హిందీ ఒక్క ముక్క రాదు. అయినా కథ తెలిసిందే కదా. రాముడు కనపడగానే పెద్దవాళ్ళు దణ్ణం పెట్టేవారు. ఒకావిడ టీవీకి హారతి కూడా ఇచ్చేది. ఆ దణ్ణం రాముడికే గానీ అరుణ్ గోవిల్ అనే నటుడికి కాదని అక్కడ కూర్చున్న ప్రతి ముసలమ్మకీ తెలుసు. చదువు లేనివాళ్ళే, కానీ వేషానికీ మనిషికీ తేడా తెలియనివాళ్ళు కారు.

తర్వాత తొంభైల్లో దూరదర్శన్‌లో మంజులా నాయుడు గారి ఋతురాగాలు వచ్చింది. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక ఇక చెప్పేదేముంది! అన్వేషిత, అంతరంగాలు, రాధిక గారి పిన్ని, మళ్ళీ మంజులా నాయుడు గారివే చక్రవాకం, మొగలిరేకులు. మొగలిరేకులు 2008లో మొదలై 2013 దాకా నడిచింది. ఆ అయిదేళ్ళలో మా వీధిలో పెళ్ళయి, కాన్పయి, పిల్లాణ్ణి బళ్ళో వేసినవాళ్ళున్నారు. సాగదీత సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకరు తలుపు తీస్తే నలుగురి మొహాలు మూడేసిసార్లు చూపించడం, పట్టుచీర, నగలతో నిద్రపోవడం, పాలగ్లాసులో విషం, గతం మర్చిపోవడం... ఇవి నాకూ విసుగే. అన్నింటికంటే విసుగు, ఆడదానికి ఆడదే శత్రువని రోజూ నూరిపొయ్యడం.

కార్తీకదీపమే తీసుకోండి. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా సాగింది. మలయాళంలో వచ్చిన కరుత్తముత్తుకి ఇది తెలుగు రూపం. "ఒక్క డి.ఎన్.ఎ. పరీక్ష చేయిస్తే పదో రోజుకి అయిపోయే కథ" అని మా వారి వేళాకోళం. అదీ నిజమే. నల్లగా ఉందని అవమానాలు పడే దీప వేషానికి, తెల్లగా ఉండే ప్రేమి విశ్వనాథ్‌కి నల్లరంగు పూసి మరీ నటింపజేశారు. ఆవిడ నటన బ్రహ్మాండం, కాదనను. కానీ నల్లపిల్ల బాధ చెప్పే కథకి ఒక్క నల్లపిల్ల దొరకలేదా అని నాకిప్పటికీ కోపమే.

మరి ఎందుకు చూశామంటారా? మొగుడు అనుమానించి దూరం పెడితే వంటలు చేసుకుంటూ కూతుర్ని పెంచుకున్న ఆడది దీప. నలుపంటే మండిపడిన అత్తగారు సౌందర్యే తర్వాత కోడలి పక్షాన నిలబడింది. మా చుట్టుపక్కలంతా చేపల చెరువులు, రొయ్యల చెరువులూ కదా. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్ళు చేతులు ఆడిస్తూనే ముందురోజు కథంతా చెప్పుకునేవారు. అనుమానపు మొగుడితో కాపురం చేసే ఒకామె "ఆ డాక్టరుబాబుకి బుద్ధుందా అసలు?" అని అందరికీ వినపడేలా అరిచేదని మా పనమ్మాయి చెప్పింది. ఇంట్లో ఆ మాట అనగలదా? అక్కడ మాత్రం అనగలిగింది. డాక్టరుబాబుకి పోయిందేమీ లేదు, ఆమెకి మాత్రం గుండె కాస్త తేలికపడింది.

ఇక మోనిత. ఆ పేరు చెబితే చాలు మా వీధిలో మెటికలు విరిచేవారు. దీప కాపురం కూల్చడానికి అది చెయ్యని పని లేదు. మోనిత వేషం వేసిన శోభాశెట్టిని మనం ఎంత తిడితే ఆ అమ్మాయి అంత బాగా నటించినట్టు లెక్క. మన పెద్దవాళ్ళకి సూర్యకాంతం గారు ఉన్నారు చూడండి. 1962లో వచ్చిన గుండమ్మ కథ తర్వాత ఆ పేరు ఆడపిల్లకి పెట్టుకోవడానికి తెలుగువాళ్ళు జంకారంటారు. ఆవిడేమో ఇంటి నుంచి రకరకాల వంటలు చేయించి తెచ్చి షూటింగులో అందరికీ కొసరి కొసరి వడ్డించేదట. మేకప్ కడుక్కున్నాక గయ్యాళి అత్త ఉండదు, సూర్యకాంతం గారే ఉంటారు. ఆ కడుక్కునే వీలుంది చూశారూ, నా మాటంతా దాని గురించే.

2023 సెప్టెంబరులో బిగ్ బాస్ ఏడో సీజన్ మొదలైంది. అందులోకి శోభాశెట్టి వచ్చింది, మోనితగా కాదు, తనలాగే. మా ఇంట్లో మొదటిరోజే తీర్పు అయిపోయింది. "ఇది బయటా మోనితే" అన్నాను నేను. ఎవరితోనో గట్టిగా మాట్లాడితే "చూశారా, బుద్ధి ఎక్కడికి పోతుంది" అన్నాను. ఏడిస్తే నటన అన్నాను. నవ్వితే పొగరు అన్నాను. కూరలో ఉప్పెక్కువైతే మళ్ళీ వండొచ్చు. ఆ అమ్మాయి మీద నేను వేసిన ముద్రకి మాత్రం ఏ సబ్బూ లేదు. డిసెంబరులో, ఫైనల్ దగ్గర పడ్డాక ఎలిమినేట్ అయితే హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా.

ఆలోచించండి. ఆ ఇంట్లో వాళ్ళు ఉండేది రోజుకి ఇరవైనాలుగు గంటలు. మనకి చూపించేది ఓ గంట. మిగిలిన ఇరవైమూడు గంటలు ఎవరో కత్తిరించి పక్కన పెడతారు. డైలాగులు ఎవరూ రాయరేమో గానీ, ఏ గంట చూపించాలో మాత్రం ఒకరు కూర్చుని తేలుస్తారు. మన ఇంట్లో కెమెరాలు పెట్టి, పిల్లాడి మీద అరిచిన క్షణాలన్నీ ఏరి ఒకచోట కుట్టి చూపిస్తే మనం ఎలా కనపడతామంటారు?

ఈ ఆట మనది కాదు. 1999లో నెదర్లాండ్స్‌లో బిగ్ బ్రదర్ పేరుతో పుట్టింది. హిందీలోకి 2006లో, తెలుగులోకి 2017 జులైలో చిన్న ఎన్టీఆర్‌తో వచ్చింది. తర్వాత నాని, ఆ తర్వాత నాగార్జున. ఇంగ్లండులో ఆడిన ఆటలో మన శిల్పాశెట్టి 2007 జనవరిలో గెలిచింది గుర్తుందా? అప్పుడు ఆమెని జాతి పేరుతో కించపరిచిందని జేడ్ గూడీ అనే అమ్మాయిని దేశదేశాలవాళ్ళు దుమ్మెత్తిపోశారు. ఆమె అన్నవి తప్పు మాటలే, సందేహం లేదు. తర్వాత ఆమె క్షమాపణ చెప్పుకుంది. 2008లో హిందీ బిగ్ బాస్‌కి వచ్చింది. ఆ సీజన్ నడిపించింది ఎవరనుకున్నారు, శిల్పాశెట్టే. ఆ ఇంట్లో ఉండగానే లండన్ నుంచి కబురు వచ్చింది, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని. అలాంటి కబురు కూడా కెమెరాల మధ్యే వినాల్సి వచ్చింది. 2009 మార్చిలో పోయింది, ఇరవై ఏడేళ్ళకే. ఇద్దరు చిన్న మగపిల్లలు. 2007లో ఆమెని తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. పేపర్లో ఆ పిల్లల ఫొటో చూసినప్పుడు కూడా నాకు బుద్ధి రాలేదు లెండి, 2023లో శోభాశెట్టిని అన్నానుగా.

ఆ ఏడో సీజన్ ముగింపు మీకూ తెలిసిందే. 2023 డిసెంబరు 17 రాత్రి హైదరాబాదు అన్నపూర్ణ స్టూడియో బయట అభిమానులు గొడవకి దిగారు. రన్నరప్ అమర్‌దీప్ కారు మీద పడ్డారు. ఆర్టీసీ బస్సుల అద్దాలు పగిలాయి. గెలిచిన రైతుబిడ్డ పల్లవి ప్రశాంత్ మీద కేసు పెట్టి అరెస్టు చేశారు, తర్వాత బెయిలు మీద వచ్చాడు. ఆ అమర్‌దీప్ సీరియల్ నటుడే. జానకి కలగనలేదులో ఎన్ని కష్టాలు తెచ్చుకున్నా ఎవరూ అతని కారు జోలికి పోలేదు. "నిజం" ఆడినందుకు రాళ్ళు పడ్డాయి.

నిజం ప్రోగ్రామ్‌లన్నీ అలాంటివేనని నేననడం లేదు. 1996లో ఈటీవీలో బాలుగారు మొదలుపెట్టిన పాడుతా తీయగా కూడా నిజం మనుషులదే కదా. పిల్ల శ్రుతి తప్పితే ఎక్కడ తప్పిందో ఆయన పాడి చూపించేవారు. పాటలో తప్పు పట్టేవారు గానీ పిల్లని తప్పు పట్టేవారు కాదు. ఓడిన పిల్ల కూడా ఒక ముక్క నేర్చుకుని ఇంటికి వెళ్ళేది. 2020 సెప్టెంబరులో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించ బుద్ధి కాలేదు. బిగ్ బాస్‌లోనూ నాకు నచ్చిన మనిషి ఉంది. 2020లో వెళ్ళిన గంగవ్వ. లంబాడిపల్లి నుంచి వచ్చిన ఆవిడ ఆ ఇంట్లో ఉండలేక, ఆరోగ్యం బాగోక వచ్చేసింది. అంత పెద్ద మేడలో నిద్ర పట్టలేదంటే నేను నమ్ముతాను.

సరే, నాకు బుద్ధి ఎలా వచ్చిందో చెప్పాలి కదా. ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

2024 ఫిబ్రవరిలో కైకలూరు వైపు మా బంధువులమ్మాయి ఓణీల ఫంక్షన్ జరిగింది. రెండో బంతి లేచింది. మా పెద్ద తోడికోడలు అక్క పొద్దున షుగర్ బిళ్ళ వేసుకుంది గానీ మెతుకు ముట్టలేదు. కూర్చుని తినమని మూడుసార్లు బతిమాలాను. "ఈ వరసకి వడ్డించి కూర్చుంటాలే" అంటూ కూర బకెట్టు వదలదు. ఇంతలో ఆమె చెయ్యి వణకడం చూశాను. నాకు భయం, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. చేతిలో గరిటె లాక్కుని "చాల్లే అక్కా, నీవల్ల కాదు, ముందు ఇక్కణ్ణుంచి వెళ్ళు" అన్నాను గట్టిగా. ఆమె మొహం చిన్నబోయింది. లోపలికి తీసుకెళ్ళి మజ్జిగ తాగించి, అన్నం కలిపి పెట్టింది కూడా నేనే.

మజ్జిగ సంగతి ఎవరికి తెలుసు? ఎవరో కుర్రాడు సెల్‌లో వీడియో తీశాడు. పావు నిమిషం కూడా ఉండదు. గరిటె లాక్కోవడం, "వెళ్ళు" అనడం, అక్క మొహం. దానికి వెనక ఏడుపు సంగీతం తగిలించి చుట్టాల గ్రూపులో పెట్టాడు. సరదాకేనట! సాయంత్రానికి నేను మోనితనైపోయాను. "పెద్దదాని చేతిలో గరిటె లాక్కుంటుందా" అని ఒకరు, "నాకెప్పుడో తెలుసు దాని సంగతి" అని ఒకరు. మర్నాడు బెంగుళూరు నుంచి అక్క కూతురు ఫోన్ చేసింది. "మా అమ్మని అందరి ముందూ అలా అంటావా పిన్నీ?" అంది. జరిగింది చెప్పబోయాను. "వీడియోలో కనపడుతోందిగా" అని పెట్టేసింది. నా చేతుల మీద పెరిగిన పిల్ల.

అక్క చెప్పి చూసింది. "నా కోసమే అందే" అంటే "నువ్వెప్పుడూ అందర్నీ వెనకేసుకొస్తావులే" అందట. ఆ పిల్లని ఏమనగలను? నాలుగు నెలల క్రితం సోఫాలో కూర్చుని నేను చేసిందీ అదేగా. ఇది బయటా మోనితే!

ఏడాది దగ్గర దగ్గర ఆ పిల్ల నాతో మాట్లాడలేదు. 2025 సంక్రాంతికి అందరూ అక్క వాళ్ళింట్లోనే కలిశాం. భోగి రోజంతా నాకు ఎదురుపడకుండా తిరిగింది. రాత్రి పనులయ్యాక హాల్లో కార్తీకదీపం రెండో కథ పెట్టారు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీసుకుంటూ ఓ మూల కూర్చున్నాను. కాసేపటికి అది వచ్చి నాకు రెండు బారల దూరంలో కూర్చుంది. తెర మీద విలన్ పిల్ల ఏదో కుట్ర పన్నుతోంది. నాకు నోరు ఊరుకోదు కదా, "దీని దుంప తెగ, ఎంత పని చేస్తోందో చూడు" అన్నాను ఎవరితోనూ కానట్టు.

"మొన్న ఇంతకంటే ఘోరం చేసింది పిన్నీ, నువ్వు చూళ్ళేదా?" అంది అది టీవీ వైపే చూస్తూ. తర్వాత కొంచెం దగ్గరకి జరిగి, నా ఒళ్ళోని పళ్ళెంలోంచి ఓ గుప్పెడు చిక్కుడుకాయలు తీసుకుంది.