పాషాణగర్దభము – కర్ణమూలశోథము

చెవి క్రిందను, దవడ మూలమునను వాపు కన్పట్టినంతనే మా శృంగవరపుకోట ప్రాంతమున దానిని గవదబిళ్ళలందురు. పాఠము చెప్పు మేమును దానికి పాషాణగర్దభమని సంస్కృతపర్యాయము చెప్పి ముందునకు సాగుదుము. ఈ సమీకరణ మెంతవరకు యుక్తమో విచారింపవలసియున్నది.

సుశ్రుతసంహిత నిదానస్థానమున 13వ అధ్యాయము క్షుద్రరోగములను వివరించును. హనుసంధియందు పుట్టి, స్థిరమై, అల్పమైన నొప్పి గలిగి, వాతకఫములు కారణముగా గల వాపు పాషాణగర్దభమని అందు చెప్పబడినది. జ్వరము గాని, అంటుకొనుట గాని ఆ లక్షణమున లేదు. పాషాణశబ్దము వాపుయొక్క కాఠిన్యమును తెలుపుననుటయే సమంజసము. లాలాజలనాళమున నేర్పడు రాయిని కాదు.

చరకసంహిత చికిత్సాస్థానమున 3వ అధ్యాయమగు జ్వరచికిత్సయందు వేరొక వాపు కలదు. సన్నిపాతజ్వరాంతమున చెవి మూలమున దారుణమైన శోథము పుట్టుననియు, దానినుండి బయటపడువారు అరుదనియు తాత్పర్యము. ఒకటి క్షుద్రరోగము, రెండవది ప్రాణాంతకము. ప్రాచీనులు వేరుచేసినవానిని మనము కలిపివేయుచున్నాము.

ఆధునికవైద్యమును కారణభేదమును చెప్పుచున్నది. పెద్ద లాలాజలగ్రంథులు మూడు జతలు: చెవి ముందు, దవడ క్రింద, నాలుక క్రింద. గవదబిళ్ళలకు వైరస్ కారణమని 1934లో జాన్సన్, గుడ్‌పాశ్చర్ అను పరిశోధకులు నిరూపించిరి. ఈ అంటువ్యాధి చాలవరకు తనంత తానే తగ్గును. ఐనను కొందరికి వృషణముల వాపు, మెదడుపొరల వాపు, చెవుడు కలుగును. ఇక జ్వరముచే శుష్కించి నోరెండిన వృద్ధులలో లాలాప్రవాహము తగ్గగా, నోటిలోని బాక్టీరియా నాళముగుండ గ్రంథిని చేరి చీము పట్టించును. చరకుడు చెప్పినది ఇట్టిదే యని నా యభిప్రాయము. నాళమున రాయి అడ్డుపడినచో భోజనసమయమున వాపును నొప్పియు హెచ్చును; ఇది దవడ క్రింది గ్రంథికే ఎక్కువ.

పేరు పొరపడినచో చికిత్సయు పొరపడును. సుశ్రుతుడు చికిత్సాస్థానమున 20వ అధ్యాయమున పాషాణగర్దభమునకు మొదట స్వేదనమును, పిదప మనశ్శిల, హరితాళము మొదలగువాని లేపనమును విధించెను. ఆ రెండును పాషాణవిషము గల ఖనిజములు. గ్రంథము చదివి ఇంట ప్రయోగింపదగినవి కావు. జ్వరపడిన వృద్ధునకు చెవి మూలమున వాపు వచ్చినచో గవదలే యని పట్టు వేసి ఊరకుండక, వెంటనే వైద్యునికి చూపవలెను. అధ్యాపకులు ఈ పదము చెప్పునపుడు పర్యాయముతో ఆగక, లక్షణభేదమును గూడ బోధింతురుగాక.