నేను తీసేసిన బండి ఱ

పోయిన సెలవుల్లో తెలుగు వికీసోర్సులో ఒక పాత పుస్తకం పేజీలు దిద్దుతూ కూర్చున్నా. కరెంటు ఉన్నప్పుడల్లా అన్నమాట. ఆ పేజీల్లో మాటిమాటికీ 'ఱ' అని ఒక అక్షరం వస్తోంది. చిన్నప్పటి నుంచి ఇంగ్లీష్ మీడియం కదా, కంప్యూటర్ తప్పుగా చదివిందేమో అనుకుని పదకొండు పేజీల్లో దాన్ని తీసేసి శుభ్రంగా 'ర' పెట్టేశా. చాలా గొప్ప పని చేశానని ఫీలయ్యా కూడా. రెండ్రోజుల తర్వాత చూస్తే ఎవరో ఓపిగ్గా అన్నీ వెనక్కి మార్చి, ఇది బండి ఱ, మూలంలో ఉన్నట్టే ఉంచాలి అని మర్యాదగా రాసి పెట్టారు. తిట్టుంటే బాగుండేదేమో, ఇంకొంచెం తక్కువ సిగ్గేసేది.

ఆ సిగ్గుతోనే అసలు ఒక పాత పుస్తకం ఇంటర్నెట్లోకి ఎలా వస్తుంది, వచ్చాక ఎలా బతుకుతుంది అని చదవడం మొదలుపెట్టా. మన బ్రాంచ్ వాళ్ళకి ఇది తప్పకుండా నచ్చే విషయం.

మనలో చాలామంది స్కాన్ చేసి పీడీఎఫ్ పెడితే పనైపోయిందనుకుంటాం. కానీ స్కాన్ అంటే ఫోటోనే. అందులో 'అనంతపురం' అని వెతికితే ఏమీ దొరకదు, ఎందుకంటే కంప్యూటర్‌కి అక్కడ కనిపించేది చుక్కలు మాత్రమే. ఆ చుక్కల్ని అక్షరాలుగా గుర్తుపట్టేది ఓసీఆర్. తెలుగులో దానికి చాలా తిప్పలు. 'ధ' లోపల ఒక చుక్క పెడితే 'థ' అవుతుంది. వందేళ్ళనాటి కాగితం మీద పురుగు పెట్టిన చుక్కకీ, అచ్చులో ఉన్న చుక్కకీ తేడా మెషిన్‌కి ఏం తెలుస్తుంది? అందుకే మనిషి కూర్చుని దిద్దాలి. వికీసోర్సులో దిద్దని పేజీ ఎర్రగా ఉంటుంది, ఒకరు దిద్దితే పసుపు, వేరే ఇంకొకరు మళ్ళీ చూస్తేనే ఆకుపచ్చ. నేను పసుపు చేసిన పేజీని నేనే ఆకుపచ్చ చేసుకోడానికి ఒప్పుకోదు. కోడ్ రివ్యూ లాంటిదే.

మళ్ళీ బండి ఱ దగ్గరికొస్తా. పాత పుస్తకాల్లో 'చెఱువు' అని ఉంటుంది. మనం 'చెరువు' అని వెతుకుతాం. కంప్యూటర్‌కి ఈ రెండూ వేర్వేరు మాటలు. అలాగని మూలాన్ని మార్చేస్తే, ఆ కాలంలో ఎలా రాసేవాళ్ళో చూడాలనుకున్న మనిషికి మనం అబద్ధం చెప్పినట్టు. కాబట్టి మూలం మూలంలాగే ఉండాలి, రెండు రూపాలూ ఒకటేనని వెతికే ప్రోగ్రామ్‌కి విడిగా నేర్పాలి. నేను చేసింది సరిగ్గా దీనికి వ్యతిరేకం.

ఈ తలనొప్పి కంప్యూటర్లతో మొదలైందేమీ కాదు. వేమన సమాధి ఉందని చెప్పే కటారుపల్లి మన కదిరి దగ్గరే. ఆ వేమన పద్యాల తాటాకు ప్రతుల్ని 1820ల్లో సీ.పీ. బ్రౌన్ సేకరించాడు. ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. తర్వాత కడపలో సొంత డబ్బుతో, అప్పులు కూడా చేసి, పండితుల్ని పెట్టుకుని ఇలాంటి ప్రతులెన్నో పక్కపక్కన పెట్టి పోల్పించాడు, తేడాలు రాయించాడు. మనం గిట్‌లో డిఫ్ చూసుకోవడం లేదూ, అదే పని ఘంటంతో. 1829లో 693 పద్యాలు అచ్చేస్తే, 1839 నాటికి అవి వెయ్యి దాటాయి. ఆయన నిఘంటువు 1903 నాటి కూర్పు ఇప్పుడు షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ సైట్లో ఉంది, మన ఆంధ్రభారతిలోనూ వెతుక్కోవచ్చు. బ్రౌన్ వాడిన ౘ, ౙ అక్షరాలకి యూనికోడ్‌లో చోటు దొరికింది మాత్రం 2008లో.

ఆంధ్రభారతి గురించి ఇంకొక్క మాట. ఒకే పెట్టెలో టైప్ చేస్తే చాలా నిఘంటువులు ఒకేసారి వెతుకుతుంది. మా అవ్వ గొర్రు, గుంటక అంటుంటే తలూపుతూ కూర్చునేవాణ్ణి, అర్థమైనట్టు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం మొత్తం ఇలాంటి వ్యవసాయ పదాలే, ఏ జిల్లాలో ఏమంటారో కూడా చెబుతుంది. వాన పడక సేద్యం వదిలేసిన ఇళ్ళల్లో ముందు పోయేది ఈ మాటలే.

ఇక నిలబెట్టడం. అసలు కష్టం ఇదేనని నాకనిపిస్తుంది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994లో ట్యూరింగ్ అవార్డు తీసుకున్న రాజ్ రెడ్డి గారు, పది లక్షల పుస్తకాలు స్కాన్ చేద్దామనే ప్రయత్నానికి ముందు నిలిచారు. దాన్నుంచి మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వచ్చింది. పేజీలు తప్పిపోయేవి, పుస్తకాల పేర్లు ఇంగ్లీష్ అక్షరాల్లో గుర్తుపట్టలేనట్టు ఉండేవి, అయినా లక్షల పుస్తకాలు. తర్వాత ఆ సైటే మూతపడింది. అంతకుముందే కార్ల్ మలమూద్ లాంటివాళ్ళు కాపీలు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టడం వల్ల ఆ పుస్తకాలు మనకి మిగిలాయి. అక్కడ పాత తెలుగు పుస్తకం తెరిస్తే అడ్రస్‌లో 'డీఎల్ఐ.2015' అని కనిపిస్తుంది చూడండి, అది ఆ వలస గుర్తు.

అంత దూరం ఎందుకు, మన పత్రికే ఉంది. పాత సంచికలు రెండు నాకు ఎక్కడా దొరకలేదు. సైట్ ఒక సీనియర్ అన్న సొంత అకౌంట్లో ఉండేది, ఆయన పాసై వెళ్ళిపోయాడు, రెన్యూవల్ ఎవరూ కట్టలేదు. మూడో సంచిక ఫైల్ దొరికింది గానీ అది అను ఫాంట్లలో ఉంది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులే. యూనికోడ్ కాకపోతే ఐదేళ్ళ కిందటి మన కవితలు వందేళ్ళ కిందటి తాటాకు కన్నా కష్టం. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ పుస్తకాలు ఇప్పటికీ ఏ మెషిన్లోనైనా తెరుచుకుంటాయి, ఎందుకంటే అవి సాదా టెక్స్ట్.

అన్నీ పెట్టేయలేం కూడా. రచయిత పోయాక 60 ఏళ్ళ వరకు కాపీరైట్ ఉంటుంది. 'పెన్నేటి పాట' రాసిన మన తరిమెల విద్వాన్ విశ్వం గారు 1987లో పోయారు. అంటే వారసుల అనుమతి లేకుండా వికీసోర్సులో పెట్టాలంటే 2048 రావాలి. అప్పటికి మనకి నలభై దాటుతాయి. ఈలోపు ఆ పుస్తకం పాత ప్రతులు ఎవరింట్లో ఉన్నాయో కనీసం ఒక లిస్ట్ రాసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మూడో సంచికని యూనికోడ్‌లోకి మార్చే పని క్లబ్బులో మొదలైంది. కన్వర్టర్ ఒత్తుల దగ్గర తప్పులు చేస్తోంది, ఒక్కో కవిత దిద్దాల్సొస్తోంది. రాసిన అక్కలు, అన్నలు ఎవరైనా ఇది చదివితే మీ సొంత ప్రతులు పంపండి, పోల్చుకుంటాం. వికీసోర్సులో నేను దిద్దిన పదకొండు పేజీలు ఇంకా పసుపులోనే ఉన్నాయి. ఆకుపచ్చ చేయడానికి నేను కాని వాళ్ళు ఒకరు కావాలి.