పాత కంప్యూటర్‌పై కూలి లెక్కల పరీక్ష

సూరత్ నగరంలోని పాండేసర పారిశ్రామికవాడ బట్టల మిల్లులకు పేరెన్నికగన్నది. నేతపని వెదుక్కుంటూ తెలంగాణ నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలెన్నో ఆ నగరంలో స్థిరపడిన సంగతి పాఠకులకు విదితమే. అక్కడి ఒక మరమగ్గాల షెడ్డులో, నేసిన మీటర్లను బట్టి కూలి లెక్కకట్టే ప్రోగ్రాము ఉన్నదనుకుందాం. ఆఫీసులో విండోస్ 10, షెడ్డులో విండోస్ 7, మూలగదిలో ఎక్స్‌పీ. మూడింటిపైనా ఒకే కూలి రావాలి. పైసల సర్దుబాటులో తేడా వస్తే నష్టపోయేది కార్మికుడే. ఆ తేడాను పట్టవలసినది పరీక్షా స్క్రిప్టు.

అయితే పాత వ్యవస్థపై ప్రోగ్రాముకన్నా ముందు స్క్రిప్టే కూలబడుతుంది. పైథాన్ భాషనే తీసుకుందాం. 3 శ్రేణిలో ఎక్స్‌పీపై పనిచేసే చివరి వెర్షన్ 3.4, విండోస్ 7పై 3.8. 2016లో 3.6తో వచ్చిన ఎఫ్-స్ట్రింగ్ ఒక్కటి ఉన్నా చాలు, ఎక్స్‌పీపై ఏ పరీక్షా మొదలుకాదు. వెర్షన్‌ను చూసే వాక్యం ఫైలు మొదట్లోనే పెట్టాం కదా అని కొందరికి ధీమా. అది వృథా. పైథాన్ ఫైలునంతా చదివి, వ్యాకరణం సరిచూసిన పిమ్మటనే మొదటి వాక్యాన్ని అమలు చేస్తుంది. కనుక పాత వ్యాకరణంలో రాసిన చిన్న ప్రారంభ ఫైలు విడిగా ఉండాలి. తగిన స్క్రిప్టును అదే పిలవాలి.

ఇంతకన్నా సూక్ష్మమైన చిక్కు మరొకటి. ఎక్స్‌పీ కోసం పైథాన్ 2.7ను ఎంచుకున్నామనుకోండి. రౌండ్ అనే ఫంక్షన్‌కు 2.5 ఇస్తే 2.7 వెర్షన్ మూడు అంటుంది, 3 శ్రేణి రెండు అంటుంది! రావలసిన కూలిని స్క్రిప్టే లెక్కించుకుంటే, తప్పు ప్రోగ్రాముదో స్క్రిప్టుదో తేలదు. ఆ మొత్తాన్ని చేతిలెక్కతో కట్టి, స్క్రిప్టులో స్థిరంగా రాసి ఉంచడమే క్షేమం.

పాత వ్యవస్థపై కుదరని పరీక్షలను దాటవేయడం సులభమైన ఉపాయం. కాని యూనిట్‌టెస్ట్ నివేదికలో దాటవేసినవాటి సంఖ్య చివర చిన్నగా కనిపిస్తుంది, దాని ముందు ‘ఓకే’ అనే ఉంటుంది. తొందరలో చూసేవారికి ఆ ఓకేయే కంటపడుతుంది. కూలి లెక్కకు సంబంధించిన పరీక్షను ఏ వ్యవస్థపైనా దాటవేయరాదు.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ముగిసింది. అందువల్ల ఈ పరీక్షలను నెట్‌వర్క్‌తో సంబంధంలేని వర్చువల్ మెషీన్‌లో జరపడం మేలు. కూలి చీటీ ముద్రణను మాత్రం షెడ్డులోని అసలు ప్రింటరుపైనే చూడాలి.