మొక్కుబడి నాటకము: ఓబరామ్మర్గౌ గ్రామమున పాత్రధారణము

తెలుగున 'మొక్కుబడి' యను పదమునకు రెండర్థములు వ్యవహారమున నున్నవి. ఆపదలో దైవమునకు మొక్కుకొని, అది తీరిన పిమ్మట చెల్లించునది మొదటిది. మనసు పెట్టక, చేయవలెను గనుక చేయు పని రెండవది. మొదటి యర్థము రెండవ దానిలోనికి దిగజారుట భాషాచరిత్రకు సంబంధించిన విశేషము మాత్రమే కాదు. మానవ స్వభావమునకు గూడ సాక్ష్యము. కాలము గడచిన కొలది మొక్కు మిగులును గాని, మొక్కించిన భయభక్తులు మిగులవు. అట్లుండగా, ఒక గ్రామము దాదాపు నాలుగు వందల యేండ్లుగా నొక మొక్కును నాటకరూపమున చెల్లించుచున్నదన్నచో, ఆ చెల్లింపు ఏ యర్థమున మొక్కుబడి యని ప్రశ్నించుట సహజము. జర్మనీ దేశమున బవేరియా ప్రాంతపు కొండల నడుమ నున్న ఓబరామ్మర్గౌ యే ఆ గ్రామము. అచ్చట వేషము కట్టువారిని గూర్చియు, వారు పలుకు మాటలను గూర్చియు ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ముందుగా క్రైస్తవ నాటకము యొక్క పుట్టుకను గూర్చి కొంత చెప్పుట యవసరము. రోమక రంగస్థలమును, నటులను ఆదిమ క్రైస్తవాచార్యులు నిరసించిరి. కాని పదవ శతాబ్దినాటికి దేవాలయముననే నాటకము మరల మొలకెత్తినది. ఈస్టరు నాటి ప్రాతఃకాలారాధనమున, క్రీస్తు సమాధిని వెదకుచు వచ్చిన స్త్రీలకును దేవదూతకును నడచిన సంభాషణమును సన్న్యాసులు గానము చేయ నారంభించిరి. క్రీ. శ. 970 ప్రాంతమున ఇంగ్లండునందలి వించెస్టరు పీఠాధిపతి ఏథెల్వోల్డు కూర్చిన మఠనియమావళిలో దీనికి ప్రయోగ సూచనలు కలవు. ఒక సన్న్యాసి తెల్లని వస్త్రము ధరించి, తాటాకు చేబూని సమాధి చెంత మౌనముగా కూర్చుండవలెను. మువ్వురు ధూపకలశములు పట్టుకొని, ఏదియో వెదకువారివలె తడబడుచు రావలెను. 'వెదకువారివలె' నడువుమని చెప్పుటలోనే ఆరాధకుడు నటుడైనాడు. అయినను అతడు ఆరాధకుడు కాకపోలేదు.

తరువాతి శతాబ్దులలో నాటకము దేవాలయము దాటి వీథులలోనికి వచ్చినది. యార్కు నగరమున వృత్తిసంఘముల వారు బైబిలు గాథలను బండ్లపై ప్రదర్శించెడివారు. నోవహు ఓడను కట్టు ఘట్టము ఓడలు కట్టువారిది. సిలువ వేయు ఘట్టము మేకులు చేయువారిది. ఏ చేతులు దినమెల్ల మేకులు చేసినవో ఆ చేతులే ఆ నాడు క్రీస్తు చేతులకు మేకులు దిగగొట్టినట్లు నటించినవి. ఈ ప్రదర్శనలు 1569 తో ఆగిపోయి, 1951 లో పునరుద్ధరింపబడినవి. తెలుగు క్రైస్తవులు దైవసేవా కార్యమును 'పరిచర్య' యందురు. యార్కు వృత్తికారుల నటన ఆ మాటకు తగినది; ఎవరికి చేతనైన పనితో వారు చేసిన సేవ యది.

ఇక ఓబరామ్మర్గౌ కథ. ముప్పది యేండ్ల యుద్ధము (1618-1648) సాగుచున్న కాలమున ఆ ప్రాంతమున మహామారి ప్రబలినది. పొరుగూర పనిచేయుచు పండుగకు రహస్యముగా ఇల్లు చేరిన యొకనితో అది గ్రామమున ప్రవేశించెనని ఐతిహ్యము. 1633 లో గ్రామపెద్దలు దేవుని యెదుట నిలిచి, తెగులు తొలగినచో పది యేండ్ల కొకమారు క్రీస్తు శ్రమల నాటకము నాడుదుమని మొక్కుకొనిరి. ఇచ్చట 'శ్రమ' యనగా కష్టము చేయుట కాదు. తెలుగు బైబిలు వాడుకలో క్రీస్తు పడిన బాధలు. 1634 లో తొలి ప్రదర్శనము జరిగినది. దానికి రంగస్థలము దేవాలయము చెంతనున్న శ్మశానవాటిక. తెగులుచే చనిపోయినవారి సమాధులపై నిలిచి, బ్రతికినవారు నటించిరి. ఆ నాడు పాత్రధారణము ఏ యర్థమున మొక్కుబడియో వేరుగ చెప్ప బనిలేదు.

1680 నుండి దశాబ్దాది సంవత్సరములలో ప్రదర్శించుట ఆచారమైనది. గ్రామమున జన్మించినవారు, లేక ఇరువది యేండ్లు నివసించినవారు మాత్రమే వేషమునకు అర్హులు. ప్రదర్శనమునకు ముందటి యేడు భస్మ బుధవారము మొదలు పాత్రధారులు జుట్టును గడ్డమును కత్తిరించుకొనరాదు. రోమక సైనికుల వేషము వేయువారికి మాత్రము ఈ నియమము లేదు. కృత్రిమ కేశములు వాడరు. ఆ దినములలో గ్రామమున వడ్రంగి, వైద్యుడు, ఉపాధ్యాయుడు అందరును పెరిగిన గడ్డములతో తమ తమ పనులు చేసికొనుచుందురు. వేషము వారి కొక రాత్రి తగిలించుకొని విప్పునది కాదు. ఏడాదికి పైగా ముఖముపై పెరుగునది. నాలుగు వేలకు పైగా ప్రేక్షకులు కూర్చుండగల నాటకశాలలో, ఆకాశము క్రింద తెరచియున్న రంగముపై, నడుమ భోజన విరామముతో దాదాపు ఐదు గంటలు నాటకము నడచును. శ్రమల ఘట్టముల నడుమ పాత నిబంధన గాథలు నిశ్చల దృశ్యములుగా నిలుపబడును. బృందగానము వాని యన్వయమును తెలుపును.

ఇంతటి నియమ మున్నను పాత్రధారియొక్క నిష్ఠ మాత్రమే చాలదని ఈ నాటకపు పాఠచరిత్ర తెలుపుచున్నది. లభ్యమగు ప్రాచీన పాఠము 1662 నాటిది. అది అంతకు పూర్వపు రెండు ఆగ్స్‌బర్గు నాటకముల నుండి కూర్పబడినది. 1750 లో ఎట్టాలు మఠమునకు చెందిన ఫెర్డినాండు రోస్నరు క్రొత్త పద్యపాఠమును రచించెను. 1811 లో ఓత్మారు వైసు సైతానులను, అలంకారిక పాత్రలను తొలగించి గద్యమున వ్రాసెను; రోకసు డెడ్లరు సంగీతము కూర్చెను. 1860 లో గ్రామపు అర్చకుడు డైజెన్‌బెర్గరు దానిని సంస్కరించెను. సైతానులు పోయినంత మాత్రమున దుష్టపాత్రల స్థానము శూన్యము కాలేదు. ఆ భారము యూదులపై పడినది. క్రీస్తు మరణదండనను కోరు మూక ఒక్క గొంతుతో అరచు యూదజాతిగా కనబడ జొచ్చినది. క్రీస్తు రక్తపు దోషము తమపైనను తమ సంతతిపైనను ఉండునట్లు మత్తయి సువార్తలోని మూక పలుకు వాక్యమును వందలకొలది గ్రామస్థులు ఏకకంఠమున పలికిరి.

దీని ఫలము 1934 లో బయటపడినది. ఆ యేడు జరిగిన మూడు వందల యేండ్ల ప్రత్యేక ప్రదర్శనమునకు హిట్లరు వచ్చెను. 1942 లో అతడు తన సన్నిహితులతో ఈ నాటకమును పొగడుచు, యూదులవలని ప్రమాదమును ఇంత చక్కగా చూపినది వేరొకటి లేదను భావమును వెల్లడించెను. అప్పటికి యూదుల సంహారము సాగుచుండెను. తెగులు నుండి ప్రాణములు దక్కినందుకు కృతజ్ఞతగా ఆడిన నాటకము, వేరొక జాతి ప్రాణములు తీయువానికి ఇష్టమైనది. గ్రామస్థులు మొక్కును తప్పలేదు, పలుకులను పరీక్షింపలేదు.

1965 లో రెండవ వాటికను మహాసభ, క్రీస్తు మరణదోషమును యూదులందరిపై మోపరాదని ప్రకటించినది. అయినను 1970 నాటి ప్రదర్శనమున పాత పాఠమే పెద్ద మార్పులు లేక నడచుటచే యూదు సంఘములు బహిష్కరణమునకు పిలుపునిచ్చినవి. 1977 లో రోస్నరు పాఠమును ప్రయోగించి చూచిరి. గ్రామము దాని నొల్లలేదు. మార్పునకు దారి తీసినవాడు ఆ యూరివాడే యగు క్రిస్టియాన్ ష్ట్యూక్ల్. ముప్పది యేండ్లు నిండకమునుపే 1990 ప్రదర్శనమునకు ప్రయోక్తయైన యీతడు పాఠమును క్రమముగా సంస్కరింపజేసెను. ఆ 1990 లోనే వివాహితలు, ముప్పదియైదేండ్లు దాటిన స్త్రీలు రంగమెక్కరాదను నిషేధము న్యాయస్థానపు తీర్పుచే తొలగినది. 2000 లో రక్తదోష వాక్యము తీసివేయబడినది. మూకలో క్రీస్తు పక్షమున పలుకు గొంతులు చేరినవి. 2010 లో యూదుల ముఖ్యప్రార్థన హీబ్రూ భాషలోనే రంగముపై గానము చేయబడినది. మరియొక మహామారి వలన 2020 నుండి వాయిదా పడిన ప్రదర్శనము 2022 లో నూరుకు పైగా మారులు జరిగినది. అందు యూదా ఇస్కరియోతు వేషధారులలో ఒకడు తుర్కీ వంశీకుడైన ముస్లిము యువకుడు.

ఈ మార్పులు మొక్కునకు భంగమని తలచినవారు గ్రామమున లేకపోలేదు. కాని మొక్కిన పెద్దలు నాటకమాడుదుమనిరి గాని, ఫలానా పాఠము నాడుదుమనలేదు. పాఠము నాలుగైదు మారులు మారినందుననే మొక్కు నిలిచినది. మారని దినములలో అది పదమునకు గల రెండవ యర్థమునకు చేరువయైనది.

మన కూచిపూడిలో, సిద్ధేంద్రయోగి యాజ్ఞగా ప్రతి పురుషుడును జీవితమున నొక్కమారైనను సత్యభామ వేషము కట్టవలెనను సంప్రదాయము కలదు. అచ్చటను గ్రామమే నటవర్గము, వేషమే వ్రతము. కావున తెలుగువారికి ఓబరామ్మర్గౌ భావము క్రొత్తది కాదు. మన భాషకు సంబంధించిన జాగ్రత్త వేరొకటి కలదు. తెలుగు బైబిలున ద్రోహియైన శిష్యుని పేరు 'యూదా'. జాతి పేరు 'యూదులు'. చెవికి ఈ రెండును ఒకే మాటవలె వినబడును. మన గ్రామముల దేవాలయములలో పిల్లలు, యువకులు శ్రమల ఘట్టములను ప్రదర్శించునప్పుడు ఈ ధ్వనిసామ్యము ఒకని దోషమును జాతికంటగట్టునట్లు చేయవచ్చును. 'ఇస్కరియోతు' యను ఇంటిపేరును విడువక పలుకుట చిన్న దిద్దుబాటే గాని వ్యర్థము కాదు.

ధార్మిక నాటకమున వేషధారికి రెండు భారములు కలవని మా యభిప్రాయము. పాత్రలో లీనమగుట మొదటిది. తన నోట వెడలు మాట ఎవరిపై బడునో ఎరుగుట రెండవది. మూకలో చివరి వరుస నిలిచి ఒక్క కేక వేయు వానికిని ఈ రెండవ భారము తప్పదు.