మదర్‌బోర్డు నిజంగా పోయిందా? డెస్క్‌టాప్ ఆన్ కానప్పుడు కొత్తది కొనేముందు ఇవి చూడండి

డెస్క్‌టాప్ ఆన్ అవ్వట్లేదని షాపుకు తీసుకెళ్తే మన దగ్గర ఎక్కువగా వినపడే మాట ఒకటే: "మదర్‌బోర్డు పోయింది." చాలా ఖరీదైన మాట ఇది. ఏడెనిమిదేళ్ల కిందటి బోర్డు ఇప్పుడు కొత్తది దొరకడం కష్టం. కాబట్టి కొత్త బోర్డు, దానికి సరిపోయే ప్రాసెసర్, దానికి తగ్గ ర్యామ్... చివరికి క్యాబినెట్ ఒక్కటే పాతది మిగులుతుంది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ జాబ్. హార్డ్‌వేర్ నా పని కాదు. కానీ "బీటెక్ చేసినవ్ కదా, జర చూడు" అనే మాటకు ఎదురు లేదు కదా, చుట్టాల సిస్టమ్‌లన్నీ నా దగ్గరికే వస్తాయి. ఈ మధ్య జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఇలా "బోర్డు పోయిన" సిస్టమ్‌లు మూడు చూశాను. మూడింటిలోనూ బోర్డు శుభ్రంగా ఉంది. అలాగని షాపులవాళ్లంతా మోసం చేస్తారని కాదు. పది సిస్టమ్‌లు క్యూలో ఉన్నప్పుడు ఒక్కో పార్ట్ విప్పి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. ఆ ఓపిక మనకు ఉండాలి, ఎందుకంటే డబ్బులు మనవి.

ముందు ఎక్కడ ఆగిందో తెలుసుకోండి

"ఆన్ అవ్వట్లేదు" అనేది ఒక ప్రాబ్లమ్ కాదు. కనీసం మూడు వేర్వేరు ప్రాబ్లమ్‌లకు మనం పెట్టుకున్న ఒకే పేరు. సికింద్రాబాద్‌లో బయల్దేరిన రైలు డోర్నకల్‌కు రాలేదనుకోండి, వెంటనే ఇంజిన్ పాడైందని అనం కదా. జనగామ దాటిందా, కాజీపేట దాటిందా, మానుకోట దాటిందా అని అడుగుతాం. ఇదీ అంతే.

బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ఎస్‌ఎంపీఎస్‌కు "లే" అని చెబుతుంది. ఎస్‌ఎంపీఎస్ వోల్టేజీలు నిలకడగా వచ్చాక "పవర్ గుడ్" అనే సిగ్నల్ తిరిగి పంపిస్తుంది. అప్పుడు ప్రాసెసర్ మేల్కొని బయోస్ చదవడం మొదలుపెడుతుంది. ర్యామ్‌ను, గ్రాఫిక్స్‌ను చెక్ చేస్తుంది, స్క్రీన్ మీద లోగో వస్తుంది. ఆ తర్వాతే డిస్క్ వెతికి విండోస్‌ను పిలుస్తుంది. కాబట్టి ఫ్యాన్ కూడా తిరగకపోతే ఒక దారి, ఫ్యాన్ తిరిగి స్క్రీన్ నల్లగా ఉంటే ఇంకో దారి, లోగో వచ్చి ఆగిపోతే మూడో దారి. షాపులో "ఆన్ అవ్వట్లేదు" అనకుండా ఈ మూడింట్లో ఏదో చెప్పండి. సగం డయాగ్నసిస్ అక్కడే అయిపోతుంది.

అసలు ప్రాణమే లేదు: భూపాలపల్లి సిస్టమ్

మా బావకు భూపాలపల్లిలో ఆన్‌లైన్ సెంటర్ ఉంది. డిగ్రీ అడ్మిషన్లకు దోస్త్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో, పిల్లలు లైన్ కట్టే టైమ్‌లో, మెయిన్ సిస్టమ్ ఆగిపోయింది. ఫోన్ చేసి, "బోర్డు, ప్రాసెసర్ అన్నీ మార్చాలంటున్నడురా, 18 వేలు అంట. కొనమంటవా?" అన్నాడు. రెండు రోజులు ఆగు బావా అని శనివారం హన్మకొండ నుంచి పరకాల మీదుగా బస్సెక్కాను.

మొదట క్యాబినెట్ విప్పలేదు. యూపీఎస్‌ను పక్కనపెట్టి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టాం. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి సిస్టమ్‌కు చెడ్డపేరు రావడం చాలా కామన్. తర్వాత మానిటర్ పవర్ కేబుల్ తీసి సీపీయూకు పెట్టాం, రెండూ ఒకటే రకం. ఎస్‌ఎంపీఎస్ వెనకాల ఉండే చిన్న స్విచ్ ఆన్‌లోనే ఉంది. ఏమీ తేడా రాలేదు.

అప్పుడు సైడ్ ప్యానెల్ తీశాం. కొన్ని బోర్డుల మీద ప్లగ్ పెట్టగానే వెలిగే చిన్న స్టాండ్‌బై లైట్ ఉంటుంది, బావ బోర్డు మీద అది వెలగలేదు. ముందు బటన్ పాడైందేమోనని, బోర్డు మీద ఆ బటన్ వైర్లు వచ్చే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం తాకించాం. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇక మిగిలింది ఎస్‌ఎంపీఎస్.

దీన్ని విడిగా పరీక్షించడం తేలికే. కరెంట్ ప్లగ్ తీసేసి, బోర్డుకు, డిస్కులకు వెళ్లే కనెక్టర్లన్నీ పీకేయండి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరు ఒక్కటే ఉంటుంది. దాన్ని పక్కనున్న ఏదైనా నల్ల వైరుతో పేపర్ క్లిప్ పెట్టి కలిపి, ఆ తర్వాత ప్లగ్ పెట్టి స్విచ్ వేయండి. ఫ్యాన్ తిరగాలి. వైర్లన్నీ నల్లగా ఉండే కొత్త మోడల్స్‌లో రంగు చూసి గుర్తుపట్టలేం, 16వ పిన్ వెతకాలి. బావ ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ కదల్లేదు. 18 వేల కేసు 2,100 రూపాయల కొత్త ఎస్‌ఎంపీఎస్‌తో ముగిసింది. సాయంత్రం ఐదింటికల్లా సెంటర్ మళ్లీ నడిచింది.

ఒక మాట. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టు కాదు. లోడ్ పడితే వోల్టేజ్ కూలిపోయేవి ఉంటాయి. మల్టీమీటర్ ఉంటే పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య రావాలి. సిస్టమ్ నడుస్తుండగా చూస్తే ఇంకా మంచిది. రెండో మాట దీనికన్నా ముఖ్యం: ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. లోపలి పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిల్వ ఉంటుంది, ప్లగ్ తీసినా కాసేపు అలాగే ఉంటుంది. బాగుచేసుకునే ఆశ పెట్టుకోకుండా మార్చేయండి.

ఎందుకు పోయిందంటారా? సెంటర్ ముందు నుంచి రోజంతా బొగ్గు లారీలు. ఎస్‌ఎంపీఎస్ జాలీలోంచి టార్చ్ వేసి చూస్తే లోపలంతా నల్లటి పొడి, వానాకాలం తేమకు గట్టిపడి అట్ట కట్టింది. బొగ్గు పొడి ఉత్త మట్టి లాంటిది కాదు. తేమ తోడైతే కరెంట్‌కు దారి ఇస్తుంది. అలాంటి చోట క్యాబినెట్‌ను నేల మీద పెట్టొద్దు, మూడు నెలలకోసారి బ్లోయర్ కొట్టాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి పిచ్చిగా తిరిగి బేరింగ్ పాడవుతుంది.

ఇంకో విషయం అక్కడే గమనించాను. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. బావకు అలవాటైపోయింది, "ఎప్పుడూ గంతే" అన్నాడు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంట్ ఎర్త్ వైరు ద్వారా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే క్యాబినెట్ బాడీ మీద సుమారు 115 వోల్టులు, అంటే మన 230లో సగం, తేలుతూ ఉంటుంది. కరెంట్ చాలా తక్కువ కాబట్టి ప్రమాదంలా అనిపించదు. కానీ అలాంటి సిస్టమ్‌కు పెన్‌డ్రైవ్, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి తీసే ప్రతిసారీ పోర్టులకు రిస్కే. పైగా ఎస్‌ఎంపీఎస్‌లో నిజంగా షార్ట్ అయిన రోజు ఆ బాడీ మీదికి పూర్తి కరెంట్ వస్తుంది. ప్లగ్ మూడో కాలు విరగ్గొట్టి టూ పిన్ సాకెట్‌లో పెట్టినవాళ్లు ఈ ఆర్టికల్ ఇక్కడ ఆపి ముందు ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయండి.

ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నలుపు: మహబూబాబాద్ సిస్టమ్

ఇది మామయ్య మిర్చి దుకాణంలో బిల్లింగ్ సిస్టమ్. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాన్లు గుయ్‌మంటున్నాయి, స్క్రీన్ మీద "నో సిగ్నల్". ఇక్కడ నూటికి తొంభై మంది బోర్డునే అనుమానిస్తారు, నేనైతే ముందు ర్యామ్‌ను అనుమానిస్తాను.

దానికంటే ముందు ఒక చిన్న చెక్. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే మానిటర్ కేబుల్ కార్డ్‌కే పెట్టాలి, బోర్డు మీది పోర్టుకు కాదు. ఇంటెల్‌లో 12400ఎఫ్ లాంటి పేరు చివర ఎఫ్ ఉన్నవాటికి, రైజెన్ 5 5600 లాంటివాటికి లోపల గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు పోర్టులో కేబుల్ పెట్టి ఎంతసేపు చూసినా ఏమీ రాదు. కొత్త పీసీ బిల్డ్ చేసి "డెడ్ బోర్డ్ వచ్చింది" అని ఏడ్చే మన గేమింగ్ బ్యాచ్‌లో కొందరి కథ ఇదే. అలాగే డీడీఆర్5 ర్యామ్ ఉన్న ఏఎం5 బోర్డులు మొదటిసారి మెమరీ ట్రైనింగ్‌కు కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. ఆ నలుపు స్క్రీన్ చూసి మధ్యలో పవర్ తీసేయకండి.

ఇక ర్యామ్. ప్లగ్ తీసి, క్యాబినెట్ లోపలి రంగు లేని ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లో స్టాటిక్ పోతుంది. ర్యామ్ బయటికి తీసి బంగారు రంగు కాంటాక్టుల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, పొడి గుడ్డతో తుడవండి. స్లాట్‌లో బ్లోయర్ కొట్టండి. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కటే పెట్టి ఆన్ చేయండి, తర్వాత రెండోది, తర్వాత స్లాట్ మార్చి. విసుగ్గా ఉంటుంది కానీ ర్యామ్ పోయిందా స్లాట్ పోయిందా అని తేల్చే దారి ఇదొక్కటే. దుకాణంలో మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగట్లేదు, ఆ ఎర్ర పొడి స్లాట్‌లోకీ వెళ్లింది. శుభ్రం చేసి ఒక్క ర్యామ్ పెట్టగానే లోగో వచ్చింది, రెండోది పెట్టినా వచ్చింది. ఖర్చు, ఒక రబ్బరు. మామయ్య నమ్మలేక మూడుసార్లు ఆఫ్ చేసి ఆన్ చేయించాడు.

దీనికీ లొంగకపోతే ప్లగ్ తీసి సీఆర్2032 బ్యాటరీని ఐదు నిమిషాలు బయట ఉంచి మళ్లీ పెట్టండి, బయోస్ సెట్టింగ్స్ రీసెట్ అవుతాయి. ఒక హెచ్చరిక: రీసెట్ అయ్యాక డిస్క్ మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారితే విండోస్ బ్లూ స్క్రీన్ ఇస్తుంది. అది కొత్త జబ్బు కాదు, బయోస్‌లో పాత మోడ్ పెడితే పోతుంది. ఇప్పటి చాలా బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలిగి ఆగిపోతే తప్పు అక్కడే. అవి లేని పాత బోర్డుకు చిన్న బజర్ స్పీకర్ తగిలిస్తే బీప్‌లతో చెబుతుంది. చాలా తక్కువ ధరకు వచ్చే వస్తువు, నా బ్యాగులో ఎప్పుడూ ఉంటుంది.

లోగో వస్తుంది, విండోస్ రాదు: జనగామ సిస్టమ్

ఫ్రెండ్ వాళ్ల అన్నకు జనగామలో ఫొటో స్టూడియో. స్క్రీన్ మీద "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్". బోర్డు మీద డిస్క్ పోర్టులు పోయాయని, బోర్డు మార్చి ఫార్మాట్ కొట్టాలని చెప్పారట. హార్డ్‌డిస్క్‌లో ఇంకా ఆల్బమ్ చేయని పెళ్లి ఫొటోలున్నాయి, నాలుగు పెళ్లిళ్లవి. "బోర్డు పోతే పోనీ తమ్మీ, ఫొటోలు పోతే ఊళ్లె ఉండలేను" అన్నాడు.

ఈ దశలో ఒకటే రూల్: డేటా బయటికి వచ్చేదాకా ఫార్మాట్ లేదు, చెక్‌డిస్క్ లేదు, విండోస్ రీఇన్‌స్టాల్ లేదు. బయోస్‌లో చూస్తే డిస్క్ పేరే లేదు. సాటా కేబుల్ మార్చి వేరే పోర్టులో పెడితే పేరు కనపడింది. అంటే పోర్టులు బాగానే ఉన్నాయి. అయినా విండోస్‌ను లేపలేదు. పెన్‌డ్రైవ్ నుంచి లైవ్ లైనక్స్ బూట్ చేసి డిస్క్ స్మార్ట్ రిపోర్ట్ చూశాం. సీ7 అనే అంకె పెరిగి ఉంటే సాధారణంగా కేబుల్ తప్పు. 05, సీ5, సీ6 పెరిగి ఉంటే డిస్క్ లోపల సెక్టార్లు చచ్చిపోతున్నట్టు. ఈ డిస్క్‌లో సీ7తోపాటు సీ5 కూడా సున్నా కాదు. అంటే కేబుల్ పాడైంది, డిస్క్ కూడా దారిలో ఉంది. రాత్రి కూర్చుని ముందు పెళ్లి ఫోల్డర్లు, తర్వాత మిగతావి ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేశాం. అన్ని ఫొటోలూ వచ్చాయి. పొద్దున ఎస్‌ఎస్‌డీ పెట్టి విండోస్ వేశాం.

డిస్క్ టక్ టక్ అని శబ్దం చేస్తుంటే మాత్రం ఇవేవీ చేయకండి. వెంటనే కరెంట్ తీసేసి, డేటా ముఖ్యమైతే రికవరీ వాళ్లకే ఇవ్వండి. ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం ఇంకొంచెం గీరుతుంది.

మరి బోర్డు నిజంగా పోయేదెప్పుడు?

పోతుంది. కెపాసిటర్ల పైభాగం ఉబ్బినా, కాలిన మచ్చ కనపడినా, ప్రాసెసర్ సాకెట్‌లో పిన్ను వంగినా అనుమానించాలి. పిడుగులు పడ్డ రాత్రి తర్వాత ఆగిపోయి, నెట్ కేబుల్ కూడా తగిలించి ఉంటే ఇంకా ఎక్కువ అనుమానించాలి. ఆన్ చేసిన సెకనులోనే ఆగిపోతుంటే మాత్రం అన్నీ పీకి, ప్రాసెసర్, ఒక్క ర్యామ్, ఎస్‌ఎంపీఎస్‌తోనే ప్రయత్నించండి. బోర్డు కింద జారిపడ్డ ఒక స్క్రూ కూడా ఆ పని చేస్తుంది.

షాపుకు ఇవ్వాల్సి వస్తే హార్డ్‌డిస్క్ తీసి ఇంట్లో పెట్టుకుని వెళ్లండి, డిస్క్ లేకుండానే లోగో దాకా చెక్ చేయొచ్చు. బాగున్న ఎస్‌ఎంపీఎస్, బాగున్న ర్యామ్ పెట్టి మీ కళ్లముందే ఒకసారి ఆన్ చేసి చూపించమనండి. ఐదు నిమిషాల పని, మంచి మెకానిక్ కాదనడు. డెల్ ఆప్టిప్లెక్స్ 3020, 7020 లాంటి రిఫర్బిష్డ్ సిస్టమ్ అయితే ముందే చెప్పండి. వాటి బోర్డుకు 24 పిన్నుల కనెక్టర్ ఉండదు, 8 పిన్నులదే ఉంటుంది, మామూలు ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు. ఆ కనెక్టర్ లేక టెస్ట్ చేయలేకపోయిన వాటిని కూడా "బోర్డు పోయింది" ఖాతాలోనే వేస్తారు. చివరికి బోర్డు మార్చాల్సిందే అని తేలితే, "కొత్త హెచ్61 బోర్డు" అని తక్కువ రేటుకు ఇచ్చేదాని డబ్బా మీద కంపెనీ పేరు, వారంటీ చూడండి. హెచ్61 చిప్‌సెట్ 2011 నాటిది. పాత ప్రాసెసర్‌ను కాపాడుకోవడానికి అది పనికొస్తుంది గానీ, వారంటీ రాసివ్వనంటే తీసుకోకండి.