ఐర్లండు పోరాటములు – స్త్రీల వాఙ్మూలములు

మదనపల్లెలో నివసించిన మార్గరెట్ కజిన్సు మూలమున ఐర్లండు స్త్రీల వోటుహక్కు ఉద్యమము ఆంధ్రులకు కొంత పరిచితమే. ఆమె 1915లో భారతదేశమునకు వచ్చెను. మరుసటి సంవత్సరము డబ్లినులో తిరుగుబాటు చెలరేగెను. అందును, తరువాతి పోరాటములందును పాల్గొన్న స్త్రీల చరిత్రకు వారి నోటిమాటలే ముఖ్యాధారములు. అయితే ఆ మాటలను ఎవరు, ఏ ప్రయోజనమునకై అడిగిరో తెలియక వానిని చదువుట ప్రమాదకరము.

ఐర్లండు ప్రభుత్వము 1947లో సైనిక చరిత్ర కార్యాలయమును నెలకొల్పి, పది సంవత్సరములలో 1,773 వాఙ్మూలములు సేకరించెను. అవి 2003 వరకు ప్రజలకు అందలేదు. వానిలో స్త్రీలవి స్వల్పము. అయినను వార్తలు మోయుట, ఆయుధములు దాచుట, క్షతగాత్రులకు పరిచర్య చేయుట, నడిరేయి సోదాలు మున్నగు సంగతులు అందు సవివరముగా నున్నవి. యుద్ధచరిత్రకారులు ‘సహాయము’ అను నొక్క మాటతో దాటివేసినవి ఇవియే. విచారణ 1913–1921 నడిమి కాలమునకు పరిమితము. కావున 1922–23 అంతర్యుద్ధమున చెరసాలల పాలైన వందలకొలది స్త్రీల గోడు ప్రశ్నలకే వెలియయ్యెను. ఉభయపక్షములవారును స్త్రీల జుట్టు కత్తిరించి అవమానించిన ఉదంతములు కలవు. అంతకు మించిన దౌష్ట్యములను గూర్చి ఆ పత్రములు చాలవరకు మూగవి. సైనికాధికారి యెదుట కూర్చుండి అట్టివి చెప్పుట ఏ స్త్రీకి సులభము?

పింఛను దరఖాస్తులు మరియొక ఆధారము. మార్గరెట్ స్కిన్నిడరు 1916లో తుపాకి పట్టి పోరాడి మూడు గుండ్ల దెబ్బలు తిన్నది. 1925లో ఆమె గాయములకై భృతి కోరగా, చట్టములోని ‘సైనికుడు’ పురుషవాచకమని త్రోసిపుచ్చిరి; 1938లో గాని పింఛను రాలేదు. 1934 చట్టము స్త్రీలకు ద్వారము తెరచినను, చేసిన పని సైనికసేవయే యని నిరూపించు భారము వారిదే. ఆ పత్రముల భాష అందుకు తగినట్లే మలచబడినది.

1960ల చివర ఉత్తర ఐర్లండులో మొదలైన సంఘర్షణ వేరొక చిక్కు తెచ్చెను. చెప్పిన మాట న్యాయస్థానమున సాక్ష్యము కావచ్చును. అమెరికాలోని బోస్టన్ కాలేజి, వక్తల మరణము వరకు గోప్యముగా నుంచెదమను హామీతో 2001 నుండి స్త్రీపురుషుల కథనములను రికార్డు చేయించెను. 2011లో పోలీసులు వానిని కోరగా, కొన్ని టేపులను అప్పగింపవలసి వచ్చెను. 2006లో ఆర్మా చెరసాలలో జరిగిన చిత్రణము ఇంతకంటె మేలైన పద్ధతి. పూర్వము అచట బంధింపబడిన స్త్రీలును, కాపలా కాచినవారును ఖాళీగదులలో నడచుచు, తమకు తోచిన క్రమమున చెప్పిరి. ఆ చిత్రములపై హక్కు చెప్పినవారికిని, సేకరించినవారికిని ఉమ్మడి.