పిస్తోలులోని మొదటి తూటా

ఉద్యోగధర్మముగా ఆయుధము ధరించువారును, ఆత్మరక్షణకై లైసెన్సు పొందినవారును తమ పిస్తోలును సాధారణముగా శ్రద్ధతోనే చూచుకొందురు. విప్పి తుడుతురు, నూనె రాయుదురు, గొట్టములో గుడ్డపేలిక దూర్చి మసి తీయుదురు. అందులో నింపిన తూటాల మాట వచ్చునప్పటికి మాత్రము, అవి పెట్టెలోని నాణెములవలె ఎన్నడును మారని వస్తువులని వారి నమ్మకము. ఈ నమ్మకములో సగము నిజమున్నది. చల్లని పొడిచోట, కొన్ననాటి పెట్టెలోనే ఉంచిన మంచి తూటా దశాబ్దములు గడచినను పేలును. కాని నడుమున కట్టుకొని తిరుగు పిస్తోలులోని తూటా, అందునను ప్రతిదినము ఎక్కించి దింపు తూటా, పెట్టెలోని తూటావంటిది కాదు.

తూటాలో నాలుగు భాగములు కలవు. ఇత్తడి డొల్ల, దానిలో మందు, అడుగున చిన్న గిన్నెలో రంజకము, పైని మూతివద్ద గుండు. ఆ గుండును పట్టి నిలుపునది డొల్ల యొక్క మూతి బిగువు మాత్రమే. మేకు లేదు, అతుకు లేదు. రివాల్వరు తూటాలకైనచో డొల్ల మూతిని గుండు చుట్టును లోపలికి గట్టిగా మడువవచ్చును. 1902లో జర్మనీలో గియోర్గ్ లూగర్ రూపొందించిన 9 మిల్లీమీటర్ల తూటాకు అట్లు మడుచుటకు వీలులేదు. అది గొట్టపు గదిలో తన మూతి అంచు మీదనే ఆని నిలుచును గనుక, ఆ అంచు నిలిచియుండవలెను. కొంచెము నొక్కి ఊరకుందురు.

ఇప్పుడు ఈ తూటా దినచర్యను చూడుడు. ఉదయమున ఉద్యోగి మాగజైనును పిడిలో దూర్చి, స్లైడును వెనుకకు లాగి విడుచును. బలమైన స్ప్రింగు స్లైడును ముందునకు తోయగా, అది మాగజైనులోని పై తూటాను ఈడ్చుకొనిపోవును. గుండు ముక్కు గది ముందున్న ఉక్కు వాలునకు కొట్టుకొని, పైకెగసి, గదిలో దూరును. ఇదంతయు రెప్పపాటులో జరుగును. సాయంకాలము ఇంటికి వచ్చి తూటాను దింపును. మాగజైనులో మరల అన్నిటికంటె పైననే పెట్టును. మరునాడు అదే తూటా, అదే దెబ్బ. మాగజైనులో పది తూటాలున్నను, ఆరు మాసములలో దెబ్బ తినునది ఒక్కటే. అవసరము వచ్చినప్పుడు మొట్టమొదట పేలవలసినదియు అదే.

దెబ్బ దెబ్బకు గుండు కొంచెము కొంచెముగా డొల్లలోనికి దిగవచ్చును. ఒక్కొక్కసారి అది కంటికి కానరాదు. కాని 9 మిల్లీమీటర్ల డొల్లలో మందునకు ఉన్న చోటే స్వల్పము. ఆ చోటు ఇంకను తగ్గినచో మందు మరింత వేగముగా మండును. పీడనము చోటు తగ్గిన పాళ్లకు ఎన్నోరెట్లు మించి పెరుగును. ఈ తూటాకు అమెరికాలో తయారీదారులు విధించుకొన్న మితి చదరపు అంగుళమునకు 35,000 పౌనులు. అక్కడి ఒక ప్రసిద్ధ తూటాల కంపెనీ, గుండును కావలెనని ముప్పాతిక మిల్లీమీటరు లోతుగా దించి పరీక్షింపగా పీడనము రెట్టింపు దాటినదని తన చేతిపుస్తకములో చెప్పినది. అనగా గోటి మందములో విశేషము లేనంత తేడాకు పిస్తోలు చీలవచ్చును. పట్టుకొన్న చేతికి గాయము కావచ్చును. 1990లో వెలువడి అమెరికా పోలీసులలో విస్తారముగా వాడుకైన 0.40 అంగుళపు తూటా విషయములో ఈ భయము మరింత ఎక్కువ. గుండు బరువైనది, చోటు ఇరుకైనది.

రెండవ కీడు దీనికి వ్యతిరేకమైనది: తూటా అసలే పేలకపోవుట. రంజకము గిన్నె అడుగున ఎండి అంటుకొనియున్న పెళుసు పదార్థము. మాటిమాటికి కుదుపు తగులగా అది రాలి, సూది తగులు చోట లేకుండ పోవచ్చును. పైకి తూటా నిగనిగలాడుచునే యుండును. అమెరికాలో పోలీసువారికి ఇట్టి అనుభవములు కలిగిన పిమ్మట, ఒకే తూటాను పలుమార్లు గదిలోని కెక్కింపవలదని తమవారిని హెచ్చరించిరి.

కావున ఏమి చేయవలెను? అన్నిటికంటె మేలైన ఉపాయము, అవసరము లేక దింపకుండుటయే. ఇంటిలో పిల్లలున్నారు గదా అందురేమో. పిల్లలకు రక్ష తాళము గల ఇనుపపెట్టె. పిస్తోలును ఒరతో సహా అందులో పెట్టి తాళము వేయుట, రోజును రెండుమార్లు స్లైడు లాగుటకంటె భద్రమని నా అభిప్రాయము. చేయి జారి పేలిన ప్రమాదములలో అనేకములు నింపునప్పుడును దింపునప్పుడును జరిగినవే. దింపక తప్పనిచోట, ముందు మాగజైనును తీయవలెను, తరువాతనే స్లైడును లాగవలెను. పిమ్మట గదిని కంటితో చూచి, వ్రేలితో తడవి చూడవలెను. ఈ క్రమము తలక్రిందులైనచో, లాగిన తూటా పోయి మరియొకటి గదిలో చేరును. పిస్తోలు ఖాళీ అయినదని భ్రమ మిగులును. బయటికి వచ్చు తూటాను నేలపడనీయక అరచేతితో ద్వారమును మూసి పట్టుకొనువారు కలరు. తూటా అడ్డుపడి, దానిని బయటికి తన్ను ఉక్కుముక్క రంజకమునకు తగిలి అరచేతిలోనే పేలిన సంఘటనలు ఉన్నవి. పడనిండు, వంగి తీసికొనవచ్చును.

దింపిన తూటాను మరల పైన పెట్టక, మాగజైనులో అట్టడుగున పెట్టవలెను. డొల్ల అడుగున రంజకపు గిన్నెకు తగులకుండ కలముతో ఒక గీత గీసినచో ఎన్నిసార్లు ఎక్కినదో జ్ఞాపకముండును. రెండు గీతలు పడిన దానిని వెంట తీసికొనిపోవుట మాని, పరీక్షించి అభ్యాసమునకు ఉంచవలెను. రెండను సంఖ్య శాస్త్రము కాదు, జాగ్రత్త.

పరీక్షకు యంత్రము లేకున్నను ఫరవాలేదు. అదే కంపెనీవారి, అదే రకపు క్రొత్త తూటానొకదానిని అద్దపు పలకపై నిలువబెట్టి, దీనిని దాని ప్రక్కన నిలుపవలెను. పొట్టియైనచో తెలియును. కొలతసాధనమున్నవారు మిల్లీమీటరులో పదవ వంతువరకు చూడవచ్చును. 9 మిల్లీమీటర్ల తూటా నిడివికి 29.69 మిల్లీమీటర్లు పైహద్దు. కాని గుండ్ల ఆకారములు వేరువేరు గనుక, ఆ అంకెతో కాక క్రొత్త తూటాతోనే పోల్చుట సరియైనది. గుండును బొటనవ్రేలితో నొక్కినచో కదలరాదు. డొల్ల మూతివద్ద చీలిక, ప్రక్కన సొట్ట, రంజకపు గిన్నె అడుగుమట్టమునకు పైకి లేచియుండుట, నూనె జిడ్డు, చిలుము, వీనిలో ఏ ఒక్కటి కనిపించినను దానిని వేరుచేయవలెను. ముఖ్యముగా తోలు ఒరలలోను, తోలు పట్టీలలోను ఉంచిన ఇత్తడి తూటాలకు పచ్చని చిలుము పట్టును. తోలు ఊనినప్పటి రసాయనములును, చెమటయు దీనికి హేతువులు. మన కోస్తా గాలికి వేరే చెప్పనక్కరలేదు.

దిగిన గుండును పటకారుతో పైకి లాగి సరిచేయుట తెలివి కాదు. ఒకసారి సడలిన పట్టు మరల రాదు. దెబ్బ తగులకుండ తూటాను చేతితో గదిలోనే వేసి స్లైడును విడుచుటయు పలు పిస్తోళ్లకు చెరుపు. తూటా మాగజైను నుండి పైకి వచ్చుచు కొక్కెము క్రిందికి జారుటకే ఆ నిర్మాణమున్నది. అట్లు గాక కొక్కెము అంచుపైనుండి బలవంతముగా ఎగబ్రాకినచో అది సడలును, విరుగును.

మన దేశమున 9 మిల్లీమీటర్ల పిస్తోలు పోలీసు, సైనిక శాఖలది. సామాన్య లైసెన్సుదారులకు సాధారణముగా లభించునది 0.32 అంగుళపు పిస్తోలు. అమెరికా వానివలె ఇతడు ప్రతిదినము అభ్యాసము చేయడు. ఎన్ని తూటాలు కొనవచ్చునో లైసెన్సులోనే వ్రాసియుండును. అందుచేత లోభము పుట్టును. కొన్ననాటి తూటాలే ఏండ్లకేండ్లు పిస్తోలులో ఉండిపోవును. ఎన్నికల సమయములలో ఆయుధమును ఠాణాలో అప్పగించునప్పుడు దింపుట, తిరిగి తెచ్చుకొని నింపుట, నడుమ నడుమ ఊరక ఎక్కించి చూచుకొనుట, ఈ కుదుపులన్నియు ఆ కొలది తూటాల మీదనే పడును. ఉన్న తూటాలను రెండు భాగములు చేసి, ఏడాదికొకసారి వెంట నుంచిన పాతవానిని అనుమతిగల అభ్యాసస్థలములో కాల్చి, క్రొత్తవానిని నింపుట లోభికి ఖర్చుగనే తోచును. ఆ కాల్పులోనే తన పిస్తోలు ఆ రకపు తూటాను సరిగా మింగుచున్నదో లేదో కూడ తెలియును.

కాల్చినప్పుడు పేలని తూటా ఉన్నచో, పిస్తోలును లక్ష్యము వైపే ఉంచి అర నిమిషము ఆగిన పిమ్మట దింపవలెను. కొన్ని ఆలస్యముగా పేలును. గుండు దిగినవానిని, చీలినవానిని మాత్రము అభ్యాసమునకైనను వాడరాదు. చెత్తలో వేయరాదు, నిప్పులో వేయరాదు. లైసెన్సుగల ఆయుధ వర్తకునికి గాని ఠాణాకు గాని అప్పగించి, లెక్కలో వ్రాయించుకొని, రసీదు పుచ్చుకొనవలెను.